కంచె అవతలి చేను
(మహిళల భూమి హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధమూ స్త్రీలూ అనగానే మన కళ్లముందు మెదిలేవి కొన్ని ఉన్నాయి. అత్యాచారాలు, వితంతువులు, మాయమైపోయిన బిడ్డల ఫోటోలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లులు. వాటి గురించి ఎంత మాట్లాడినా తక్కువే. కానీ ఈ రోజు నేను భూమి గురించి మాట్లాడదలచుకున్నాను. సైన్యం వచ్చి చేలో కంచె వేసుకుని కూర్చుంటే, ఆ చేను గల ఆడమనిషికి ఏం జరుగుతుంది? యుద్ధం అయిపోయాక కూడా సైన్యం లేవకపోతే ఆమె ఎవరిని అడగాలి? ఏ కాగితం చూపించాలి? ఆ కాగితం మీద ఎవరి పేరు ఉండాలి?

నేను చాలా ఏళ్లుగా ఒంటరి స్త్రీల పట్టాల కోసం మండల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నదాన్ని. అందుకే శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతాల అనుభవాన్ని శ్రద్ధగా చదువుతూ వచ్చాను. నేను అక్కడికి వెళ్లి చూసినదాన్ని కాదు. అక్కడి స్త్రీల సంఘాలూ, హక్కుల సంస్థలూ ఏళ్ల తరబడి నమోదు చేసి పెట్టిన విషయాల ఆధారంగానే మాట్లాడుతున్నాను.

ఖాళీ చేయించడం ఒక రోజు పని

శ్రీలంకలో అంతర్యుద్ధం 1983లో మొదలై 2009 మే నెలలో ముగిసింది. జాఫ్నా ద్వీపకల్పంలో వలికామం ఉత్తరం అనే ప్రాంతం ఉంది. ఎర్రనేల, అడుగున సున్నపురాయి, బావుల్లో నీళ్లు. ఉల్లి, మిరప, పొగాకు, అరటి పండించే చేలు. చిన్న చిన్న కమతాలే గాని ఏడాది పొడుగునా ఏదో ఒక పంట ఉండే భూమి. సముద్రం పక్కన మయిలిట్టి లాంటి ఊళ్లలో చేపల వేట. ఆ ప్రాంతంలోనే పలాలి విమానాశ్రయం, కాంకేసన్‌తురై రేవు ఉన్నాయి. అదే ఆ ఊళ్లకు శాపమైంది.

1990 జూన్‌లో యుద్ధం మళ్లీ రాజుకున్నప్పుడు జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు. నాలుగు రోజుల్లో తిరిగి వస్తామనుకున్నారు. విమానాశ్రయం చుట్టూ, రేవు చుట్టూ సైన్యం హద్దు గీసుకుని దానికి ‘హై సెక్యూరిటీ జోన్’ అని పేరు పెట్టింది. ఆ హద్దు లోపల ఇళ్లున్నాయి, బళ్లున్నాయి, గుళ్లున్నాయి, చర్చిలున్నాయి, వేల ఎకరాల సొంత పొలాలున్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. శ్రీలంకలో భూసేకరణ చట్టం 1950 నుంచీ ఉంది. ప్రభుత్వానికి ఎవరి భూమైనా కావాలంటే నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, పరిహారం చెల్లించాలి. వలికామంలో ఇరవై ఏళ్లకు పైగా అదేదీ జరగలేదు. కౌలు లేదు, పరిహారం లేదు, పంట నష్టం లేదు. తుపాకీ ఉంది, కంచె ఉంది, అంతే. యుద్ధం ముగిసిన నాలుగేళ్లకు, 2013 ఏప్రిల్‌లో, మొదటిసారి భూసేకరణ నోటీసులు అంటించారు. మొత్తం 6,381 ఎకరాలు సైనిక అవసరాలకు కావాలన్నారు. యజమానుల ఆచూకీ తెలియడం లేదన్నారు. ఆ యజమానులు ఎక్కడున్నారు? అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, మల్లాకం, చున్నాకం వైపు శిబిరాల్లో, తాటాకు, రేకుల గుడిసెల్లో, ఇరవై మూడేళ్లుగా ఉన్నారు. ప్రభుత్వమే వాళ్లకు రేషన్ కార్డులిచ్చింది, ఓట్లు వేయించుకుంది. భూమి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆచూకీ తెలియలేదు. వెయ్యి మందికి పైగా యజమానులు అప్పీలు కోర్టుకు వెళ్లి, మేమిక్కడే ఉన్నామని చెప్పుకోవలసి వచ్చింది.

ఈ తప్పు ఒక్క ప్రభుత్వ సైన్యానిదే అని నేను చెప్పడం లేదు. 1990 అక్టోబర్‌లో ఎల్‌టీటీఈ ఉత్తర ప్రాంతం నుంచి ముస్లిం జనాభా మొత్తాన్ని, సుమారు 75,000 మందిని, వెళ్లగొట్టింది. జాఫ్నా పట్టణంలో ముస్లింలకిచ్చిన గడువు రెండు గంటలు. కట్టుబట్టలతో వెళ్లిన ఆ కుటుంబాల ఇళ్లూ పొలాలూ కూడా అన్యాక్రాంతమయ్యాయి. వాళ్లలో చాలామంది పుత్తళం శిబిరాల్లో ఒక తరం గడిపేశారు. మన సానుభూతి ఎవరివైపున్నా, ఈ మాట దాటవేసి భూమి హక్కు గురించి మాట్లాడితే అది హక్కుల భాష అనిపించుకోదు.

ఆ భూమి ఎవరిది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సైన్యం ‘ప్రజల భూమి’ తీసుకుంది అని రాస్తాం. ప్రజలు అంటే ఎవరు?

మన పల్లెల్లో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద అరెకరమో ఎకరమో ఇవ్వడం మనకు తెలుసు. జాఫ్నా తమిళుల్లో ఈ ఆచారం ఇంకా బలమైనది. పెళ్లప్పుడు కూతురికి ఇల్లు, భూమి ఇస్తారు. దాన్ని ‘సీదనం’ అంటారు, మన స్త్రీధనం లాంటి మాటే. చాలా కుటుంబాల్లో అల్లుడే వచ్చి ఆ ఇంట్లో కాపురం ఉంటాడు. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి ఆ ఇల్లూ బావీ వస్తుంటాయి. అంటే వలికామంలో సైన్యం కూర్చున్న భూమిలో చాలా భాగం దస్తావేజుల ప్రకారమే స్త్రీలది. ఆ కంచె పడిన రోజు ఒక తల్లి భూమి పోవడమే కాదు, ఆమె కూతురికి ఇవ్వవలసిన సీదనం కూడా పోయింది. శిబిరంలో పెరిగిన ఆడపిల్లకు పెళ్లి చేయాలంటే ఇవ్వడానికి ఇల్లు లేదు, భూమి లేదు. కట్నం ఆచారాన్ని మనం వ్యతిరేకిస్తాం, నిజమే. కానీ స్త్రీ చేతిలో ఉన్న ఒకే ఒక ఆస్తిని తుపాకీ లాక్కుంటే కట్నం పోదు. ఆస్తి పోయి, కట్నం అడగడం మాత్రం మిగులుతుంది.

పేరు ఆమెదే అయినా పెత్తనం ఆమెది కాదు. జాఫ్నా తమిళులకు వర్తించే తేసవళమై అనే ఆచార చట్టం ఉంది. దానికి సంబంధించి 1911లో చేసిన ఆర్డినెన్సు ప్రకారం పెళ్లయిన స్త్రీ తన సొంత భూమి అమ్మాలన్నా, వేరొకరికి రాసివ్వాలన్నా భర్త రాతపూర్వకంగా అంగీకరించాలి. భర్త కనపడకుండా పోతే? కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకోవాలి. దాదాపు ఇరవై ఆరేళ్ల యుద్ధంలో వేలమంది మగవాళ్లు కనపడకుండా పోయిన చోట ఈ చట్టం ఎంత భారమో ఊహించండి.

దక్షిణాన వన్ని ప్రాంతానికి వస్తే కథ మరోలా ఉంటుంది. అక్కడ చాలా భూములు 1935 నాటి ల్యాండ్ డెవలప్‌మెంట్ ఆర్డినెన్సు కింద ప్రభుత్వం పర్మిట్ ఇచ్చినవి. మన డి-పట్టా లాంటివనుకోండి. పర్మిట్ సాధారణంగా ‘కుటుంబ పెద్ద’ పేరున ఉంటుంది. కుటుంబ పెద్ద ఎవరో నేను మీకు చెప్పనక్కర్లేదు. వీలునామా లేకుండా అతను చనిపోతే వారసత్వం పెద్ద కొడుకు వైపు మొగ్గేలా ఆ చట్టం రాసి ఉంది. ఆ వివక్షను తొలగిస్తూ సవరణ వచ్చింది 2022లో. యుద్ధం ముగిసిన పదమూడేళ్లకు.

మరణ పత్రమా, భూమి పత్రమా

ఇంకొక చిక్కు ఉంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

భర్త సైన్యానికి లొంగిపోయాడు, తర్వాత కనపడలేదు. లేదా తెల్ల వ్యాన్‌లో ఎత్తుకుపోయారు. భూమి ఆమె పేరుకు మారాలంటే, నష్టపరిహారం రావాలంటే, అధికారి అడిగేది మరణ ధ్రువపత్రం. 2010లో ప్రత్యేక చట్టం చేసి, ఏడాదికి పైగా కనపడని వాళ్లకు మరణ పత్రం ఇవ్వడానికి వీలు కల్పించారు. అయితే ఆ స్త్రీ అడిగేది వేరు. నా భర్త చనిపోయాడని మీరు నాకు నిరూపించలేదు, ఎవరు చంపారో చెప్పలేదు, శవం చూపించలేదు, నేనెందుకు సంతకం పెట్టాలి? సంతకం పెడితే అతన్ని వెతకమని అడిగే హక్కు వదులుకున్నట్లే అవుతుందని ఆమె భయం. పెట్టకపోతే భూమి మీద హక్కు నిలబడదు. ఒక చేతిలో భర్త కోసం పెట్టిన కేసు, ఇంకో చేతిలో పిల్లల తిండి. రెండింటిలో ఒకటి వదులుకోమని రాజ్యం ఆమెను అడిగింది.

అనేకమంది స్త్రీలు మరణ పత్రం తీసుకోవడానికి నిరాకరించారు. ఆ నిరాకరణ వల్లనే 2016లో చట్టాన్ని సవరించి ‘గైర్హాజరీ ధ్రువపత్రం’ అనే కొత్త కాగితాన్ని తెచ్చారు. మనిషి చనిపోయాడని ఒప్పుకోకుండానే భార్య ఆస్తి వ్యవహారాలు చూసుకునే వీలు అందులో ఉంది. ఇది ఏ పెద్దమనిషీ దయతలచి ఇచ్చింది కాదు. సంతకం పెట్టనని మొండికేసిన ఆడవాళ్లు సాధించింది. అదే ఏడాది మరో చట్టం కూడా వచ్చింది. పదేళ్లు వరుసగా భూమి ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లకే హక్కు వస్తుందనే పాత నియమం అక్కడా ఉంది. తీవ్రవాద సంస్థ చర్యల వల్ల తమ భూమికి వెళ్లలేకపోయిన వాళ్ల విషయంలో, 1983 నుంచి 2009 దాకా గడిచిన కాలాన్ని ఆ పదేళ్ల లెక్కలోకి తీసుకోకూడదని ఆ చట్టం చెప్పింది. సైన్యం అడ్డుకున్న సంగతి మాత్రం అందులో రాయలేదు.

సైన్యం వ్యవసాయం చేస్తే

ఆక్రమించిన భూమిలో సైన్యం ఏం చేసింది? క్యాంపులు కట్టింది, అది తెలిసిందే. దాంతోపాటు కూరగాయలు పండించింది, అంగళ్లు నడిపింది, కాంకేసన్‌తురై సముద్రతీరంలో ‘తల్‌సెవన’ అనే హోటల్ కూడా నడిపింది. యాత్రికులు అక్కడ సెలవులు గడుపుతుంటే, ఆ ఊరివాళ్లు శిబిరాల్లో గడిపారు. భద్రత కోసం తీసుకున్న భూమిలో హోటల్‌కి ఏం పని అని అక్కడి స్త్రీలు అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

భూమికి కౌలు కట్టనక్కర్లేదు, జీతం ప్రభుత్వానిది, నీళ్లు, ట్రాక్టరు ప్రభుత్వానివి. అలాంటి సైన్యం కూరగాయలు తెచ్చి సంతలో పెడితే, పక్కన గంప పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి పోటీ పడగలదా? వన్నిలో సివిల్ సెక్యూరిటీ డిపార్ట్‌మెంట్ పెద్ద పొలాలు నడిపి, యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న యువతులను, పూర్వపు పోరాట స్త్రీలను జీతానికి పెట్టుకుంది. పల్లెల్లో చిన్నపిల్లల బళ్లు కూడా ఆ శాఖే నడిపింది. ఆ జీతం ఎందరి ఇళ్లలోనో పొయ్యి వెలిగించింది, కాదనను. అయితే ఉద్యోగం ఇచ్చేదీ, నిఘా పెట్టేదీ, పక్క ఊరి భూమి పట్టుకుని కూర్చున్నదీ ఒకే యంత్రాంగం అయినప్పుడు, ఆ స్త్రీ భూమి గురించి నోరెత్తగలదా? సైనికీకరణ అంటే తుపాకీ ఒక్కటే కాదు, ఇది కూడా.

గేటు ముందు కూర్చున్న స్త్రీలు

ముల్లైతీవు జిల్లాలో కేప్పాపులవు అనే ఊరుంది. యుద్ధం చివరి నెలల్లో అక్కడి జనాన్ని వవునియా దగ్గర మెనిక్ ఫార్మ్ శిబిరంలో పెట్టారు. 2012 సెప్టెంబర్‌లో ఆ శిబిరం మూసేస్తూ, వీళ్లను సొంత ఊరికి కాక దగ్గరలోనే మరోచోట దింపి దానికి ‘మోడల్ విలేజ్’ అని పేరు పెట్టారు. వాళ్ల అసలు ఊరిలో సైన్యం ప్రధాన స్థావరం ఏర్పడింది. తమ కొబ్బరి చెట్లు కంచె అవతల కనపడుతూనే ఉంటాయి, కాయ కోసుకోవడానికి మాత్రం లేదు.

2017 జనవరి 31న పక్కనే ఉన్న పిలక్కుడియిరుప్పు జనం, ముఖ్యంగా స్త్రీలు, వైమానిక దళం క్యాంపు గేటు ముందు కూర్చున్నారు. రోడ్డు మీదే వంట, అక్కడే పడక, పిల్లలూ అక్కడే. నెల రోజులు కదలలేదు. మార్చి 1న వాళ్ల భూమి వాళ్లకిచ్చారు. అదే రోజున కేప్పాపులవు స్త్రీలు సైనిక స్థావరం ముందు కూర్చున్నారు. వాళ్లకు పది నెలలు పట్టింది. డిసెంబర్ 28న 133 ఎకరాలు వదిలారు, అది కూడా అంతా కాదు. మన్నార్ జిల్లా ముళ్లికుళంలో 2007లో జనాన్ని ఖాళీ చేయించి నౌకాదళం స్థావరం పెట్టుకుంది. అక్కడి వాళ్లు 2017 మార్చి 23న కూర్చుంటే ఏప్రిల్ 29న వంద ఎకరాలు వదులుతామని నౌకాదళం ప్రకటించింది.

ఇరణైతీవు దీవుల జనం 1992లో దీవి వదిలి వెళ్లారు. తర్వాత నౌకాదళం వాళ్లను తిరిగి రానివ్వలేదు. 2017 మే 1న నిరసన మొదలుపెట్టి దాదాపు ఏడాది కూర్చున్నారు. విసిగిపోయి 2018 ఏప్రిల్ 23న ఆడా మగా కలిసి తెల్ల జెండాలు కట్టిన పడవలెక్కి నేరుగా దీవికి వెళ్లి దిగారు. నౌకాదళం చూస్తుండగానే తమ చర్చి దగ్గర మకాం పెట్టారు, మళ్లీ వెనక్కి రాలేదు.

ఇది తమిళుల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. తూర్పున పానమలో 2010లో సింహళ రైతుల గుడిసెలను రాత్రిపూట తగలబెట్టి వెళ్లగొట్టారు. ఆ భూముల్లో నౌకాదళం, వైమానిక దళం స్థావరాలు వెలిశాయి. 340 ఎకరాలు తిరిగి ఇవ్వాలని 2015లో మంత్రివర్గం నిర్ణయించినా అమలు కాకపోతే, 2016లో జనమే వెళ్లి తమ భూమిలో దిగారు. సైన్యానికి భూమి రుచి తెలిశాక అది భాషా మతమూ చూడదు.

తిరిగి వచ్చిన భూమి ఎలా ఉంది? చాలాచోట్ల ఇల్లు నేలమట్టం. బావి పూడిపోయింది. గట్టు లేదు, సరిహద్దు రాయి లేదు, గుర్తుగా ఉన్న చెట్టు లేదు. ఇరవై ఏడేళ్ల తర్వాత ఎవరి హద్దు ఎక్కడో చెప్పగలిగింది, ఆ బావి నుంచి రోజూ నీళ్లు తోడిన ముసలమ్మలే. భూమి ఇచ్చామని ప్రభుత్వం ఎకరాల లెక్క ప్రకటిస్తుంది. ఇల్లు కట్టుకోవడానికి డబ్బు, పోయిన పంటలకు పరిహారం ఆ లెక్కలో కనిపించవు.

మన ప్రభుత్వానికీ ఇందులో పాత్ర ఉంది

ట్రింకోమలీ జిల్లా సంపూర్ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. 2006లో బాంబు దాడుల్లో సంపూర్ జనం పారిపోయారు. 2007 మేలో ఆ ప్రాంతాన్ని హై సెక్యూరిటీ జోన్‌గా గెజిట్‌లో ప్రకటించారు. అదే కాలంలో అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టడానికి శ్రీలంక విద్యుత్ బోర్డుతో ఒప్పందం చేసుకున్నది ఎవరు? మన ఎన్‌టీపీసీ. భూమి గల వాళ్లు శిబిరాల్లో ఉండగా వాళ్ల ఊరిమీద మన ప్రభుత్వ సంస్థ ప్రాజెక్టు రాసుకుంది. సంపూర్ స్త్రీలు ఏళ్ల తరబడి శిబిరాల్లో పట్టు వదలకుండా ఉన్నారు. పెట్టుబడుల కోసం కేటాయించిన 818 ఎకరాల ఉత్తర్వు 2015లో రద్దయింది, బొగ్గు కేంద్రం 2016లో ఆగిపోయింది. అదే సంపూర్‌లో ఎన్‌టీపీసీ భాగస్వామ్యంతో సౌర విద్యుత్ కేంద్రానికి 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. సింగరేణి, పోలవరం ఊళ్ల నిర్వాసితులతో పనిచేసే మనకు, మన సంస్థలు పరాయి దేశంలో ఎవరి చేలో కాలుపెడుతున్నాయో అడిగే బాధ్యత ఉంది.

మాటలు చాలా ఇచ్చారు

హక్కుల పత్రాలు లేకపోలేదు. అంతర్గత నిర్వాసితుల గురించి ఐక్యరాజ్యసమితి 1998లో ఇచ్చిన మార్గదర్శక సూత్రాలు, వదిలి వెళ్లిన ఆస్తిని ఆక్రమణ నుంచి కాపాడాలనీ, తిరిగి అప్పగించడం అధికారుల బాధ్యత అనీ చెబుతాయి. 2005 నాటి పినేరో సూత్రాలు ఈ హక్కు స్త్రీలకు సమానంగా ఉండాలని స్పష్టంగా చెప్పాయి. శ్రీలంక ప్రభుత్వం వేసిన గుణపాఠాల కమిషన్ కూడా 2011లో ప్రైవేటు భూముల ఆక్రమణ ముగించాలని సిఫారసు చేసింది. 2015లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి తీర్మానాన్ని శ్రీలంక తానే బలపరిచి, భూములు త్వరగా ఇస్తానంది. 2018 డిసెంబర్ 31లోగా ఇచ్చేస్తామని ఆనాటి అధ్యక్షుడు గడువు పెట్టాడు. గడువు దాటిపోయింది. వేల ఎకరాలు తిరిగి వచ్చిన మాట నిజం. పలాలి చుట్టూ ఇంకా పెద్ద భాగం రాలేదన్నదీ నిజమే.

2025 మార్చి 28న మరో గెజిట్ వచ్చింది. ఉత్తరాన సుమారు 5,900 ఎకరాలకు మూడు నెలల్లో హక్కు నిరూపించుకోకపోతే అది ప్రభుత్వ భూమి అయిపోతుందన్నారు. దస్తావేజు షెల్లింగులో కాలిపోయిన స్త్రీ, నాలుగైదు సార్లు ఊళ్లు మారిన స్త్రీ, భర్త పేరున పర్మిట్ ఉండి భర్త ఏమయ్యాడో తెలియని స్త్రీ మూడు నెలల్లో ఏం తేగలదు? జూన్‌లో సుప్రీం కోర్టు ఆ గెజిట్‌ను నిలిపివేసింది. కోర్టు ఆపింది కాబట్టి ఆగింది. సైన్యం కంచెతో చేసిన పని ఈసారి కాగితంతో చేయబోయారన్నదే ఇందులో మనం చూడవలసింది.

మనం చేయవలసింది

మిత్రులారా, మనం యుద్ధ ప్రాంతంలో లేం. కానీ నిర్వాసితుల జాబితా రాసే గుమాస్తా అడిగే మొదటి ప్రశ్న ఇక్కడా ‘మీ ఆయన పేరేంటి?’ అన్నదే. మన 2013 భూసేకరణ చట్టం వితంతువులను, విడాకులు పొందిన వాళ్లను, కుటుంబం వదిలేసిన స్త్రీలను ప్రత్యేక కుటుంబాలుగా లెక్కించాలంటోంది. మన ఊళ్లలో ఎన్ని జాబితాల్లో అలా లెక్కించారు? ఈ ప్రశ్నతో పనిలో దిగుదాం.

ప్రతి సంఘమూ తన ఊళ్లలో ఏ చేను ఏ స్త్రీదో రాసిపెట్టుకోవాలి. పట్టా, పహాణీ, అడంగల్, శిస్తు రసీదు, ఏది ఉంటే దాని నకలు ఊరి బయట మరోచోట దాచాలి. కాగితం లేని చోట బావి, చెట్టు, గట్టు గుర్తులతో ముసలమ్మల వాంగ్మూలాలు ఇప్పుడే నమోదు చేయాలి. భర్త కనపడని స్త్రీ నుంచి మరణ పత్రం అడగకూడదని మన దగ్గర కూడా డిమాండు చేయాలి. తిరిగి ఇచ్చే భూమి అయినా, పరిహారం అయినా స్త్రీ పేరున, లేదా ఉమ్మడి పేర్ల మీద ఉండాలని పట్టుబట్టాలి.

చివరిగా ఈ సదస్సు ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. శ్రీలంక సైన్యం ఆధీనంలో ఇంకా ఉన్న ప్రైవేటు భూములన్నిటినీ పరిహారంతో సహా యజమానులకు అప్పగించాలనీ, 1990లో వెళ్లగొట్టిన ముస్లిం కుటుంబాల భూములకూ ఇదే న్యాయం వర్తించాలనీ, నిర్వాసితుల సమ్మతి లేని ఏ భూమిలోనూ భారత ప్రభుత్వ సంస్థలు అడుగుపెట్టకూడదనీ ఈ సభ కోరాలి. దీన్ని చర్చించి, మార్పులుంటే సూచించి, ఆమోదించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.